జబ్బు దిగజారే తీరును బట్టి చివరి దశ సంరక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

"ఇంకెంత కాలం?" అని అడిగితే డాక్టరుగారు సూటిగా చెప్పరేం?

చాలాసార్లు ఆయనకూ తెలియదు కాబట్టి. చెప్పినా ఆ అంచనా తప్పడమే ఎక్కువ, అదీ ఒకే వైపుకు. నికొలస్ క్రిస్టాకిస్, ఎలిజబెత్ లామాంట్ అనే పరిశోధకులు, చివరి దశ రోగులకు ఉపశమనం చూసే సేవ అయిన హాస్పిస్‌లో చేరిన 468 మంది గురించి వాళ్ల డాక్టర్లను ముందే అంచనా అడిగి రాసుకున్నారు. 2000లో వచ్చిన ఆ ఫలితాల్లో దాదాపుగా సరిపోయిన అంచనాలు 20 శాతమే. మొత్తం మీద డాక్టర్లు చెప్పిన కాలం, రోగులు నిజంగా బతికిన కాలానికి 5 రెట్లకు పైగా ఉంది. ఇంకో చిత్రం: రోగిని ఎంత ఎక్కువ కాలంగా ఎరిగి ఉంటే డాక్టరు లెక్క అంతగా తప్పింది. అభిమానం అడ్డొస్తుందని నా అనుమానం.

అందుకే నెలల లెక్క పక్కనపెట్టి "ఈ జబ్బు మనిషిని ఏ తీరున దించుతుంది? మధ్యలో ఏమేం రావచ్చు?" అని అడగండి. దీనికి డాక్టర్ల దగ్గర చాలా మెరుగైన జవాబు ఉంటుంది. ఇంట్లో ఏర్పాట్లు చేసుకోవడానికి కూడా తారీఖు కన్నా ఆ జవాబే ఎక్కువ పనికొస్తుంది.

దిగజారే తీరులు అంటే ఏమిటి? ఎన్ని ఉన్నాయి?

1960ల్లో బార్నీ గ్లేజర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ అనే సమాజశాస్త్రవేత్తలు ఆసుపత్రుల్లో చనిపోతున్నవాళ్లను దగ్గరగా గమనించి, చావు అందరికీ ఒకే దారిలో రాదని చూపించారు. ఆ తర్వాత అమెరికాలో జోఆన్ లిన్, స్కాట్లండ్‌లో స్కాట్ ముర్రే వంటి డాక్టర్లు దాన్ని జబ్బులతో ముడిపెట్టి వివరించారు. ఇప్పుడు వాడుకలో ఉన్నవి ముఖ్యంగా మూడు తీరులు. ఒకటి, చాలాకాలం బాగానే ఉండి చివరి వారాల్లో, నెలల్లో గబగబా దిగిపోవడం. క్యాన్సర్లలో ఎక్కువగా ఇలా ఉంటుంది. రెండోది, ఏళ్ల తరబడి ఎత్తుపల్లాలు: గుండె, ఊపిరితిత్తులు, కాలేయం దెబ్బతిన్నవాళ్లది. మూడోది, డిమెన్షియా (జ్ఞాపకం, తెలివి క్రమంగా తగ్గిపోయే జబ్బు), వయోభారం ఉన్నవాళ్లలో కనిపించేది. మొదటినుంచీ ఓపిక తక్కువే, అది కూడా ఏళ్ల మీద నెమ్మదిగా హరించుకుపోతుంది. హఠాత్తుగా పోయేవాళ్లు వీటికి బయట ఉంటారు.

ఇదంతా ఎందుకంటే, ఒక తీరుకు సరిపోయే ఏర్పాటు ఇంకో తీరుకు సరిపోదు. చాలా హాస్పిస్ నియమాలు మొదటి తీరును మనసులో పెట్టుకుని రాసినవే. అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా అయిన మెడికేర్ పథకం కింద హాస్పిస్ సేవ పొందాలంటే ఆరు నెలలకు మించి బతకరని డాక్టర్లు రాసివ్వాలి. క్యాన్సర్‌లో అలా రాయడం కాస్త సాధ్యం. హార్ట్ ఫెయిల్యూర్‌లో (గుండె రక్తాన్ని సరిగా పంపలేని జబ్బు), డిమెన్షియాలో దాదాపు గుడ్డి లెక్కే.

మా నాన్నగారికి క్యాన్సర్. ఇప్పటికి తిరుగుతూనే ఉన్నారు. ఇప్పటినుంచే ఈ మాటలెందుకు?

తిరుగుతూ ఉన్నారు కాబట్టే. ఈ తీరులో మోసం చేసేది ఆ బాగున్న కాలమే. మనిషి నడుస్తారు, తింటారు, టీవీ చూస్తూ నవ్వుతారు. ఆ తర్వాత దిగడం మొదలైతే ఒక్కో వారానికీ తేడా తెలుస్తుంది. పోయిన నెల సొంతంగా స్నానం చేసినవారు ఈ నెల మంచం దిగలేకపోవచ్చు. ఆ వేగంలో కుటుంబం కూర్చుని మాట్లాడుకోవడానికి తీరిక దొరకదు. బ్యాంకు పనులు, సంతకాలు, చూడాలనుకున్న మనుషులు, "నన్ను ఐసీయూలో పెట్టొద్దు" వంటి మాటలు, ఇవన్నీ బాగున్న కాలంలోనే తేలాలి.

ముందుగా చూసుకోవాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. నొప్పి మందు ఇంట్లో నిలవ ఉందా? అర్ధరాత్రి నొప్పి పెరిగితే ఎవరికి ఫోన్ చేయాలి? మింగలేని రోజు వస్తే మందు చర్మం కింద సూదిగానో, పట్టీగానో ఇవ్వడానికి మనిషి ఉన్నారా? ఈ మూడింటికీ జవాబు లేకపోవడం వల్లే చాలామంది ఆఖరి రాత్రి ఎమర్జెన్సీ వార్డులో తేలుతారు.

ఒక హెచ్చరిక. ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స), టార్గెటెడ్ మందులు (క్యాన్సర్ కణాల్లోని ప్రత్యేక మార్పులను గురిచూసి కొట్టేవి) వచ్చాక కొన్ని క్యాన్సర్ల తీరు మారింది. కొందరు ఏళ్ల తరబడి ఎత్తుపల్లాల్లో సాగుతున్నారు. రక్త క్యాన్సర్లయితే ఇన్ఫెక్షన్ వల్ల ఒక్కసారిగా తిరగబడవచ్చు. కాబట్టి "క్యాన్సర్ అంటే ఇంతే" అనుకోకుండా, మీవారిది ఏ రకమో అడిగి తెలుసుకోండి.

పాలియేటివ్ కేర్‌కు పంపుతున్నారంటే ఆశ వదులుకున్నట్టేనా?

కాదు. పాలియేటివ్ కేర్ అంటే జబ్బు ఏ దశలో ఉన్నా నొప్పి, ఆయాసం, దిగులు వంటి బాధలను తగ్గించే వైద్యం. జెన్నిఫర్ టెమెల్ బృందం ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మందిని రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు మామూలు చికిత్సతో పాటు మొదటినుంచే పాలియేటివ్ కేర్ ఇచ్చారు, రెండో గుంపుకు మామూలు చికిత్స మాత్రమే. 2010లో ఫలితాలు వచ్చాయి. మొదటి గుంపులో దిగులు తక్కువ, రోజులు హాయిగా గడిచాయి, ఆఖర్లో విపరీతమైన చికిత్సలూ తగ్గాయి. అయినా మధ్యస్థంగా 11.6 నెలలు బతికారు. రెండో గుంపు 8.9 నెలలు. పాలియేటివ్ కేర్ ఆయుష్షు పెంచుతుందని దీన్నిబట్టి హామీ ఇవ్వలేం, తర్వాతి పరిశీలనలన్నీ అలా చెప్పలేదు. ఆయుష్షు తగ్గిస్తుందన్న భయానికి మాత్రం ఆధారం లేదు.

అమ్మకు హార్ట్ ఫెయిల్యూర్. నాలుగుసార్లు ఆసుపత్రిలో చేరి నాలుగుసార్లూ ఇంటికొచ్చింది. ఈసారీ రాదా?

రావచ్చు. ఈ తీరులో ఉన్న ఇబ్బంది ఇదే. ప్రతిసారీ గండం గడుస్తుంది కాబట్టి, మాట్లాడాల్సిన మాట వచ్చేసారికి వాయిదా పడుతుంది. ఏదో ఒకసారి గడవదు. అది ఏ సారో ముందుగా ఎవరికీ తెలియదు. అందుకే ఈ జబ్బుల్లో చాలామంది చావు, ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నా, కుటుంబానికి హఠాత్తుగా జరిగినట్టే ఉంటుంది.

ఇక్కడ "చికిత్సా, ప్రశాంతతా?" అని ఏదో ఒకటి ఎంచుకోమనడం సరికాదు. రెండూ ఒకేసారి నడవాలి. క్యాన్సర్‌లో కీమో ఆపితే మనిషికి కాస్త ఊపిరాడినట్టు అనిపించవచ్చు. హార్ట్ ఫెయిల్యూర్‌లో నీరు దించే మాత్ర ఆపితే ఊపిరే ఆడదు. గుండె మందులే ఇక్కడ ఉపశమనం కూడా. అవి ఆపేసి "ఇక పాలియేటివ్" అనడం పెద్ద పొరపాటు. కొలెస్ట్రాల్ మాత్ర వంటివి, పదేళ్ల తర్వాతి లాభం కోసం ఇచ్చేవి, ఆపవచ్చేమో డాక్టరును అడగండి.

రోజూ పొద్దున బరువు చూడండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్టు. అప్పుడు మాత్ర ఎంత పెంచాలో ముందే డాక్టరుతో రాయించి పెట్టుకుంటే కొన్ని అడ్మిషన్లు తప్పుతాయి.

ప్రతిసారీ ఇంటికి వచ్చాక ఇంకో పని ఉంటుంది. ఆసుపత్రికి వెళ్లకముందు ఎలా ఉండేవారు, ఇప్పుడు ఎలా ఉన్నారు అని పోల్చి చూడండి. ప్రతిసారీ తిరిగి లేస్తారు గానీ మునుపటి ఎత్తుకు చేరరు. మొదటిసారి తర్వాత మెట్లెక్కారు. రెండోసారి తర్వాత మెట్లు మానేశారు. మూడోసారి తర్వాత బాత్రూముకు చేయి పట్టుకోవాల్సి వచ్చింది. ఈ తేడాను కుటుంబం గమనించినంత స్పష్టంగా, విడివిడి అడ్మిషన్లు చూసే డాక్టర్లు గమనించలేరు. మీరే చెప్పాలి. మాట్లాడుకోవడానికి సరైన సమయం కూడా అదే: ఇంటికొచ్చి, కాస్త తేరుకుని, ఆసుపత్రి అనుభవం ఇంకా తాజాగా ఉన్న రెండు మూడు వారాలు. "మళ్లీ అలాగే వస్తే ఐసీయూకు వెళ్దామా అమ్మా?" అని అప్పుడు అడిగితే జవాబు ఆలోచించి చెబుతారు. అంబులెన్సులో అడిగితే చెప్పలేరు.

వెంటిలేటర్ పెట్టాలా వద్దా? పెడితే తీయలేరంటారు కదా.

అవునూ కాదూ అన్న రెండే దారులు లేవు. "గడువు పెట్టి చూద్దాం" అనే పద్ధతి ఉంది. మూడు రోజులో, అయిదు రోజులో ప్రయత్నిద్దాం, ఈ గుర్తులు మెరుగైతే కొనసాగిద్దాం, లేకపోతే ప్రశాంతతకే ప్రాధాన్యం ఇద్దాం అని డాక్టర్లు, కుటుంబం ముందే ఒప్పుకోవడం. ఎత్తుపల్లాల తీరులో ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఈసారి గడుస్తుందో లేదో అక్కడ నిజంగానే తెలియదు. సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఏళ్ల తరబడి ఆయాసం ఉండే జబ్బు) ఉన్నవాళ్లకు గొంతులో గొట్టం వేయకుండా ముఖానికి మాస్కు బిగించి శ్వాస అందించే యంత్రం మధ్యేమార్గంగా ఉంటుంది. పెట్టిన యంత్రాన్ని తీయడానికి మీరున్నచోట చట్టం ఏం అనుమతిస్తుందో ముందే అడగండి, ఆ నియమాలు అన్నిచోట్లా ఒకటి కావు.

ఛాతీలో ఐసీడీ అమర్చారు. దాని గురించి ఏమైనా చేయాలా?

చేయాలి, ఎక్కువమంది మరిచిపోయేది కూడా ఇదే. ఐసీడీ గుండె లయ తప్పినప్పుడు షాక్ కొడుతుంది. చనిపోతున్న గుండె లయ తప్పుతుంది. యంత్రం తన పని తాను చేసుకుపోతూ, ఆఖరి గంటల్లో మనిషికి పదేపదే షాక్ ఇవ్వవచ్చు. షాక్ ఇచ్చే పనిని బయటినుంచే ఆపవచ్చు, కోత అక్కర్లేదు. పేస్‌మేకర్ సంగతి వేరు, అది షాక్ ఇవ్వదు.

ఆయాసానికి మార్ఫిన్ అంటున్నారు. ఊపిరి ఆగిపోదా?

తక్కువ మోతాదులో మొదలుపెట్టి, మనిషిని చూస్తూ పెంచితే ఆ ప్రమాదం చాలా తక్కువ. క్యాన్సర్ నొప్పికి దాని స్థానం ఏనాడో ఖాయమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే నొప్పి మందుల మెట్లను ప్రకటించి మార్ఫిన్ వంటి మందులను పై మెట్టున పెట్టింది. ఆయాసం విషయంలో కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. చివరి రోజుల్లో, మిగతా ఏ మార్గమూ పనిచేయని ఆయాసానికి డాక్టర్లు దాన్ని వాడతారు. సీఓపీడీలో ఏళ్ల తరబడి ఉండే ఆయాసానికి రోజూ ఇస్తే మాత్రం, ఇటీవలి పరీక్షల్లో చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. ఇస్తే మలబద్ధకానికి మందు మొదటి రోజునుంచే తోడు ఉండాలి. కిడ్నీలు పనిచేయనివాళ్లలో మార్ఫిన్ అవశేషాలు పేరుకుపోతాయి కాబట్టి ఫెంటనిల్ వంటి వేరే మందు ఎంచుకుంటారు.

ముఖానికి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టడం, ముందుకు వంగి బల్లమీద చేతులు ఆనించి కూర్చోబెట్టడం తేలిగ్గా తీసిపారేయకండి. రక్తంలో ఆక్సిజన్ బాగానే ఉన్నవాళ్లకు గొట్టంలో ఆక్సిజన్ ఇచ్చినా, మామూలు గాలి ఇచ్చినా ఉపశమనం ఒకేలా ఉందని 2010లో ఒక పెద్ద పరిశీలన తేల్చింది.

కిడ్నీలు పోయాయి, వయసు ఎనభై దాటింది. డయాలసిస్ తప్పదా?

తప్పనిసరి కాదు. ఇది అడిగి నిర్ణయించుకోవాల్సిన విషయం. అమెరికాలో వృద్ధాశ్రమాల్లో ఉంటూ డయాలసిస్ మొదలుపెట్టిన 3,702 మంది మీద 2009లో ఒక పరిశీలన వచ్చింది. ఏడాది తిరిగేసరికి వాళ్లలో 58 శాతం మంది చనిపోయారు. మునుపటిలా సొంత పనులు చేసుకోగలిగినవాళ్లు 13 శాతమే. ఇంట్లో తిరుగుతూ ఉండే ఎనభై ఏళ్లవారికి ఈ లెక్క యథాతథంగా వర్తించదు. అప్పటికే మంచానికి అంటుకున్నవారికి మాత్రం ఇది తెలియాలి.

డయాలసిస్ లేకుండా మందులతో నెట్టుకొచ్చేవాళ్లలో దిగుదల చాలాకాలం నెమ్మదిగా ఉండి, ఆఖరి నెల రోజుల్లో నిటారుగా పడుతుంది. కాబట్టి ఇంట్లో ఏర్పాట్లు క్యాన్సర్ తీరుకు దగ్గరగా ఉండాలి. నడుస్తున్న డయాలసిస్ ఆపితే సాధారణంగా ఒకటి రెండు వారాలే ఉంటారు, కిడ్నీలో కాస్త పని మిగిలి ఉంటే ఇంకొంచెం ఎక్కువ.

మామ్మకు డిమెన్షియా. ఇది ప్రాణం తీసే జబ్బా?

అవును, ఆ మాట కుటుంబాలకు సూటిగా చెప్పేవాళ్లు తక్కువ. సూసన్ మిచెల్ బృందం వృద్ధాశ్రమాల్లో బాగా ముదిరిన డిమెన్షియా ఉన్న 323 మందిని 18 నెలలు గమనించి 2009లో ఫలితాలు చెప్పింది. ఆ కాలంలో సగానికి పైగా, దాదాపు 55 శాతం చనిపోయారు. తినడం, మింగడంలో ఇబ్బంది 86 శాతం మందికి వచ్చింది. న్యుమోనియా 41 శాతం మందికి. ఇవి వేరే జబ్బులు వచ్చిపడినట్టు కనిపిస్తాయి గానీ, డిమెన్షియా చివరి దశ ఉండేదే ఇలా. ఒకసారి న్యుమోనియా వస్తే ఆ తర్వాతి ఆరు నెలల్లో దాదాపు సగం మంది పోయారు.

ఈ తీరులో మందుల కన్నా చేతి పని ఎక్కువ. పక్క మార్చి పడుకోబెట్టడం, నోరు శుభ్రం చేయడం, పుండ్లు పడకుండా మడమలు, తుంటి రోజూ చూడడం. నొప్పి ఉందని నోటితో చెప్పలేరు కాబట్టి ముఖం చిట్లించడం, స్నానం చేయిస్తుంటే అరవడం, చేయి తోసేయడం నొప్పి గుర్తులు కావచ్చు. వీటిని "మొండితనం" అని సరిపెట్టేస్తారు. పారాసిటమాల్ క్రమంగా ఇచ్చి చూస్తే కొందరిలో ఆ మొండితనం మాయమవుతుంది.

ఆసుపత్రికి మార్చడం ఇక్కడ చిన్న విషయం కాదు. కొత్త చోటు, కొత్త మనుషులు, రాత్రంతా లైట్లు, చేతికి సూదులు: ఉన్న కాస్త తెలివీ గందరగోళంలో పడుతుంది, కొందరికి అది తిరిగి రాదు. తుంటి విరిగినప్పుడు, ఇంట్లో అదుపు కాని నొప్పి వచ్చినప్పుడు వెళ్లాల్సిందే. ప్రతి జ్వరానికీ వెళ్లాలా అన్నది మాత్రం డాక్టరుతో ముందే తేల్చుకోండి.

తినడం మానేశారు. ముక్కులో గొట్టం వేయమంటారా?

ఈ ప్రశ్న వెనక ఉన్న భయం నాకు తెలుసు: ఆకలితో చంపేస్తున్నామేమో అని. ముదిరిన డిమెన్షియాలో గొట్టం వేయవద్దనే అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ సలహా. గొట్టం ఆయుష్షు పెంచుతుందని గానీ, ఊపిరితిత్తుల్లోకి తిండి పోవడం ఆపుతుందని గానీ రుజువు లేదు. గొట్టం లాక్కోకుండా చేతులు కట్టేయాల్సి వస్తుంది, పడక పుండ్లు పెరగవచ్చు. దాని బదులు చేత్తో, ఓపికగా, కూర్చోబెట్టి, మెత్తటిది, తినగలిగినంత తినిపించడం. రెండు చెంచాలే అయితే రెండు చెంచాలే. శరీరం మూతపడుతుంటే ఆకలి తగ్గిపోతుంది. తిండి మానడం వల్ల చావు రావడం లేదు, చావు దగ్గరపడటం వల్ల తిండి మానుతున్నారు.

పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవారి విషయం వేరు. గొంతు మళ్లీ పనిచేసే అవకాశం ఉంటుంది కాబట్టి కొంతకాలం గొట్టం అర్థవంతమే. ఇక్కడా గడువు పెట్టుకోండి.

క్యాన్సర్, గుండె, షుగర్ మూడూ ఉన్నాయి. ఇంతకీ ఏ తీరు?

మంచి ప్రశ్న. నిజం చెప్పాలంటే ఈ తీరులు బొమ్మ గీసినంత శుభ్రంగా ఉండవు. థామస్ గిల్ బృందం 383 మంది వృద్ధుల ఆఖరి ఏడాదిని పరిశీలించి 2010లో చెప్పింది ఏమిటంటే, ముదిరిన డిమెన్షియాలో తప్ప, జబ్బు పేరును బట్టి ఎలా దిగజారుతారో కచ్చితంగా ఊహించలేమని. అంటే జబ్బు పేరుతో మొదలుపెట్టండి, తర్వాత మనిషిని చూడండి.

చూడడానికి ఒక పనిముట్టు ఉంది: పాలియేటివ్ పెర్ఫార్మెన్స్ స్కేల్. నడక, పని చేయగలగడంతో పాటు జబ్బు తీవ్రత, సొంత పనులు, తిండి, స్పృహ అనే అయిదింటిని చూసి 100 నుంచి పదేసి చొప్పున తగ్గిస్తూ కొలుస్తారు. ఇంట్లో అంత అక్కర్లేదు. నెలకోసారి క్యాలెండరు మీద రెండు ముక్కలు రాయండి: రోజులో ఎంతసేపు మంచం మీద, దేనికి సాయం కావలసి వస్తోంది. మార్పు నెలల్లో వస్తుంటే మిగిలింది నెలల్లో, వారాల్లో వస్తుంటే వారాల్లో, రోజుల్లో వస్తుంటే రోజుల్లో అనే మోటు లెక్క డాక్టర్లూ వాడతారు.

చూసుకునే మనిషి సంగతి?

అది కూడా తీరును బట్టే. క్యాన్సర్‌లో కొన్ని వారాలు ఒళ్లు హూనమవుతుంది. అప్పుడు సెలవు పెట్టగలిగితే చాలు, చుట్టాలు కూడా వస్తారు. గుండె జబ్బులో టెన్షన్ ఎక్కువ: ఫోన్ మోగితే ఉలిక్కిపడటం, రాత్రి ఆయాసం వినబడుతుందేమోనని చెవులు రిక్కించి పడుకోవడం. డిమెన్షియాలో అది ఏళ్ల ఉద్యోగం. మొదటి నెలలో వచ్చిన చుట్టాలు మూడో ఏట రారు. ఒక్కరే, తరచు కోడలో కూతురో, మోస్తారు. "ఏమైనా కావాలంటే చెప్పు" అనే బంధువుకు ఏ పనో, ఏ రోజో రెండూ చెప్పండి: "ప్రతి ఆదివారం మధ్యాహ్నం నువ్వు కూర్చో, నేను నిద్రపోతాను."

ఆఖరి రోజులు వచ్చాయని ఎలా తెలుస్తుంది?

ఇక్కడికి వచ్చేసరికి అన్ని తీరులూ ఒకటవుతాయి. రోజంతా నిద్ర, మాత్ర మింగలేకపోవడం, చేతులు కాళ్లు చల్లబడి చర్మం మీద మచ్చలు మచ్చలుగా రంగు మారడం, ఊపిరి గట్టిగా తీసి కాసేపు ఆగి మళ్లీ మొదలవడం. గొంతులో గురగుర శబ్దం విన్నవాళ్లను భయపెడుతుంది గానీ, స్పృహ తగ్గిన ఆ మనిషికి దాని వల్ల బాధ ఉన్నట్టు కనిపించదు. పక్కకు తిప్పి పడుకోబెడితే తగ్గవచ్చు. నోట్లో నీళ్లు పోయకండి, తడి బట్టతో పెదవులు అద్దండి. నొప్పి మందు మాత్రం వేరే దారిలో కొనసాగాలి.

కాగితం మీద ఏం రాసి పెట్టుకోవాలి?

మాట చెప్పలేని స్థితి వస్తే ఎవరు నిర్ణయించాలి, గుండె ఆగితే ఛాతీ నొక్కి ప్రయత్నించాలా, ఐసీయూకు వెళ్లాలా, ఎక్కడ ఉండాలనుకుంటున్నారు. డిమెన్షియా అయితే మొదటి దశలోనే, రాసేవారికి తెలివి ఉండగానే రాయించండి. గుండె జబ్బయితే ప్రతి అడ్మిషన్ తర్వాతా తిరిగి చూడండి, మనసు మారుతుంది. క్యాన్సర్ అయితే కీమో మార్చినప్పుడల్లా. ఆ కాగితానికి చట్టబద్ధత ఉండాలంటే సాక్షులెవరు, ఎవరి సంతకం కావాలి అన్నది మీరున్న చోట కనుక్కోండి. ఒక కాపీ డాక్టరు దగ్గర, ఒకటి నిర్ణయం తీసుకునే మనిషి దగ్గర, ఒకటి ఇంట్లో అంబులెన్సు వాళ్లకు కనిపించేచోట. బీరువాలో తాళం వేసి పెడితే రాత్రి రెండింటికి ఎవరికీ దొరకదు.